స్టాంపర్ కుంట తిరగబడింది

డోయిల్ రస్క్‌కి ఉన్న చొక్కాలు నాలుగు, అందులో మూడు ఒకే రంగు. అలాంటి మనిషి బాస్ చేపకి ఏ ఎర చూపించాలి అనేసరికి మాత్రం పెళ్ళిచూపులకి వెళ్ళినవాడిలా అయిపోతాడు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఇంకోదాని రంగు బాగాలేదు. అతని ఎరల పెట్టెలో నిజం పురుగు ఒక్కటీ ఉండదు. రబ్బరు కప్పలు, చెక్క చేపలు, గిరగిర తిరిగే రేకులు, సీసపు తలకి కుచ్చులు కట్టిన జిగ్గులు, అన్నీ బొమ్మ ఎరలే. ఒక్కోదానికి ఒక్కో కుంట, ఒక్కో నెల, ఒక్కో మబ్బు. ఆకులు రాలే కాలం వచ్చిందంటే ఆ పెట్టె వంటింటి బల్ల దిగదు.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్లకి ఒక పక్క అతని భార్య నెడ్రా ఆపిల్ పళ్ళు చెక్కు తీస్తోంది. రెండో పక్క డోయిల్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని పెట్టెలోకి తొంగి చూస్తున్నాడు. పక్కన ఖాళీ దగ్గుబిళ్ళల డబ్బా ఒకటి మూత తీసి పెట్టుకున్నాడు. కిందటి చలికాలంలో గుండెలో స్టెంటు వేసి, బరువులు మొయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. అప్పటినుంచి పెట్టె ఇంట్లోనే వదిలి, ఆ డబ్బాలో పట్టేవి ఐదంటే ఐదు ఎరలు ఏరుకుని జేబులో వేసుకుని పోతున్నాడు. ముప్పై ఏళ్ళు పెట్టె మొత్తం మోసినవాడిని ఐదే ఏరుకోమంటే అంతకన్నా శిక్ష ఏముంటుంది.

“ఒకటి నువ్వు చెప్పు,” అన్నాడు. ఇది ప్రతి శనివారం ఉండే తంతే.

నెడ్రా తలెత్తకుండా కత్తి మొనతో ఎటో చూపించింది. “అది.”

“చూసి చెప్పు పిల్లా.”

“చూస్తే మాత్రం? నే చెప్పింది ఎప్పుడన్నా తీసుకెళ్ళావా?”

“తీసుకెళ్ళను. నువ్వేది చెప్తే అది ఇవాళ పనికిరాదని తేలిపోతుంది కదా. అదీ ఉపకారమే.”

“ముసలాడా, ఆ చేపలకున్న మర్యాద ఈ ఇంట్లో నాకు లేదు. చొక్కా మార్చుకోవయ్యా అంటే వారం పడుతుంది. వాటికి మాత్రం పూటకో రంగు.”

“బురద నీళ్ళకి నలుపు, తేట నీళ్ళకి తెలుపు. ఇంతేగా. ఇది కూడా బుర్రకెక్కకపోతే ఎలా?”

“ఎక్కింది. చల్లబడ్డాక మెల్లిగా లాగాలి, కుదపకూడదు, దారం వదులు చెయ్యకూడదు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను.”

“అప్పజెప్తావు. గాలం చేతికిస్తే మాత్రం వెనక కుక్క తరుముతున్నట్టు చుట్టేస్తావు.”

అదీ నిజమే. ఏ పనైనా గబగబా తెమల్చడం ఆమె పుట్టుకతో వచ్చిన గుణం. నీళ్ళు చల్లబడ్డాక బాస్ చేప కూడా ముసలివాళ్ళలాగే బద్ధకిస్తుంది, ముందునుంచి పరుగెత్తేదాని వెంట పడదు. అందుకే ముప్పై ఏడేళ్ళ కాపురంలో సెప్టెంబరు దాటాక నెడ్రా గాలానికి ఒక్క చేప పడింది లేదు.

డోయిల్ ఐదు ఏరుకుని డబ్బా మూత టక్కున నొక్కాడు. ఏవేవి తీసుకున్నాడో నెడ్రా చూడలేదు, ఎక్కడికి పోతున్నావని అడగనూ లేదు. అతను వెళ్ళేవి రెండే కుంటలు. గుట్ట కిందున్న స్టాంపర్ కుంట, రోడ్డు చివరనున్న కెస్లర్ కుంట. చేపలు ఇక్కడ పలక్కపోతే అక్కడ, అంతే. పెట్టె తెరిచింది తెరిచినట్టే బల్ల మీద వదిలేసి, కోటు వంకీకే వదిలేసి, అతను పొలం బండి ఎక్కాడు. మోటారు సైకిలు మీద కూర్చున్నట్టు కాళ్ళు చెరోపక్కా వేసి కూర్చునే బండి అది, లావుపాటి చక్రాలు నాలుగు. రోడ్డుతో పనిలేకుండా బీళ్ళకి అడ్డంపడి పోతుంది.

“కోటు,” అని అరిచింది నెడ్రా.

“ఎండ చూడవే,” అని అరిచి వెళ్ళిపోయాడు.

నిజానికి ఎండ బాగానే ఉంది అప్పుడు.

ఆపిల్ గుజ్జు అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. ఆ సందట్లో ఫోను మోగింది ఆమెకి వినపడలేదు. చూసుకునేసరికి మూడు కావస్తోంది. డోయిల్ సందేశం వదిలాడు. పట్టుమని పది సెకన్లు కూడా లేదు.

“నెడ్రా... స్టాంపర్ కుంట... తిరగబడింది...”

అంతే, తెగిపోయింది. ఆ గుట్టల మధ్యనుంచి వచ్చే ఫోను ఎప్పుడూ అంతే కాబట్టి అదేం వింత కాదు. గొంతు కూడా మామూలుగానే ఉంది. ఇల్లు తగలబడుతున్నా డోయిల్ గొంతు మామూలుగానే ఉంటుంది.

ఇక ఆ మాట సంగతి. రాత్రుళ్ళు చలి ముదిరేసరికి కుంటలో పైనీళ్ళు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతాయి. అడుగునీళ్ళు పైకొస్తాయి. ఏడాదంతా అడుగున మగ్గిన కుళ్ళు పైకి తేలి కోడిగుడ్డు చెడిన వాసన కొడుతుంది, ఓ వారం పది రోజులు చేప నోరు తెరవదు. దాన్ని అక్కడివాళ్ళు కుంట తిరగబడింది అంటారు. పెళ్ళైన కొత్తలో డోయిల్ దిగాలుగా ఇంటికొచ్చి “కుంట తిరగబడింది” అంటే, పట్నంలో పుట్టి పెరిగిన నెడ్రా “ఎవరిమీద?” అని అడిగింది. ఆ మాట పట్టుకుని చర్చి మెట్ల మీద, గొడ్ల సంతలో, ఎక్కడపడితే అక్కడ రెండేళ్ళపాటు ఆమెని ఏడిపించారు. ఆ దెబ్బకి దాని అర్థం ఆమె బుర్రలో మేకు దిగినట్టు దిగిపోయింది. అక్టోబరులో ఎవరు తిరగబడింది అన్నా ఆమెకి వినపడేది ఒక్కటే.

అందుకే సందేశం విని నవ్వుకుంది. పాపం, ఏరి ఏరి పట్టుకెళ్ళిన ఐదూ దండగైపోయాయి, ఇక కెస్లర్ కుంటకి పోయి ఉంటాడు అనుకుంది. కీడెంచి మేలెంచమన్నారు. నెడ్రా ఆ పూట మేలే ముందెంచి, గరిట తిప్పుతూ ఉండిపోయింది.

నాలుగు గంటలకి ఉత్తరపు గాలి మొదలైంది. ముందు ఓక్ చెట్ల ఆకులు ఒక్క ఊపున రాలి కిటికీకి కొట్టుకున్నాయి. కాసేపట్లో ఎండ పోయి, తలుపు సందులోంచి చలి కాళ్ళకి తగలడం మొదలుపెట్టింది. నెడ్రా వంకీకి వేలాడుతున్న కోటు వైపు చూసింది. ఫోను చేసింది. మోగకుండానే సందేశం వదలమంది. మళ్ళీ చేసింది. ఐదోసారి చేసేటప్పుడు వేలు సరైన చోట ఆనలేదు. అప్పుడు తెలిసింది ఆమెకి, తనకి భయమేస్తోందని.

చలి తగిలితే ఆ గుండె ఊరుకోదు. ఒడ్డున ఒంటరిగా ఒరిగిపోతే చూసేవాళ్ళెవరు? ఈ ఆలోచన వచ్చాక ఇక ఆమె ఇంట్లో నిలవలేదు. కోటు లాక్కుని, పికప్ ఎక్కి కెస్లర్ కుంట దారి పట్టింది. ఆ పికప్ సైలెన్సరు తుప్పుపట్టి చిల్లులు పడింది. బాగుచేయిస్తానని డోయిల్ ఏడాదిగా అంటున్నాడు, ఆ బండి మైలు దూరానికి వినపడుతోంది. దారిలో ఎడమ పక్కన స్టాంపర్ వాళ్ళ గేటు వచ్చింది. గొడ్లు రోడ్డెక్కకుండా ఎప్పటిలాగే గొలుసు వేసి ఉంది. కుంట గుట్టకి అవతల, రోడ్డు మీదికి కనపడదు. తిరగబడ్డ కుంట దగ్గర డోయిల్ ఎందుకుంటాడు? నెడ్రా బండి వేగం కూడా తగ్గించలేదు.

కెస్లర్ కుంట ఒకప్పుడు కంకర తవ్విన గొయ్యి. ఒడ్డునుంచి నాలుగడుగులు వేస్తే ఇరవై అడుగుల లోతు. నెడ్రా దిగేసరికి అక్కడ మనిషీ లేడు, పొలం బండీ లేదు.

“డోయిల్.”

నీళ్ళ మీద గాలి తప్ప ఇంకేమీ పలకలేదు. ఆమె ఒడ్డు వెంబడి నడిచింది, తర్వాత పరుగెత్తింది. అవతలి ఒడ్డున, తుంగ మొదట్లో బూడిదరంగుది ఏదో నీళ్ళలో లేస్తూ మునుగుతూ ఉంది. డోయిల్ టోపీ బూడిదరంగుది. నెడ్రా బూట్లతోనే మోకాలి లోతు దిగి, ఎండుకొమ్మ ఒకటి అందుకుని దాన్ని దగ్గరికి లాక్కుంది. దాణా సంచి. ఖాళీ దాణా సంచి. దాన్ని చేత్తో పట్టుకుని ఆమె ఆ నల్లటి నీళ్ళలోకి చూస్తూ నిలబడింది. టోపీ కాకపోతే మాత్రం ఏమైంది, మనిషి అడుగునుంటే టోపీ తేలాలని ఎక్కడుంది? బండితో సహా జారిపోతే ఆ లోతులో చక్రం కూడా కనపడదు.

అప్పుడు తగిలింది ముక్కుకి వాసన. చెడిపోయిన కోడిగుడ్ల వాసన. నీళ్ళ మీద నల్లటి తెట్టు, కుళ్ళిన ఆకులు.

ఓహో, ఇదీ తిరగబడింది, అనుకుంది. ప్రాణం లేచొచ్చింది. అక్కడా తిరగబడి, ఇక్కడా తిరగబడితే ఇంకెక్కడికి పోతాడు? విసుక్కుంటూ బీళ్ళమీదుగా ఇంటికి పోయుంటాడు. తను రోడ్డున వస్తే అతను అడ్డదారిన పోయాడు. ఈపాటికి వంటింట్లో నిలబడి, పొయ్యి మీద పెట్టి ఎక్కడికి పోయిందీ మనిషి అని తిట్టుకుంటూ ఉంటాడు. పొయ్యి ఆపలేదన్న సంగతి కూడా నెడ్రాకి అప్పుడే గుర్తొచ్చింది. పికప్ మళ్ళీ స్టాంపర్ గేటు ముందునుంచి ఇంటికి పరుగెత్తింది.

వాకిట్లోకి రాగానే మాడు వాసన కొట్టింది. తలుపు తీస్తే వంటిల్లంతా పొగ. ఆపిల్ గుజ్జు అడుగంటి నల్లగా అయిపోయింది. ఇంట్లో మనిషంటూ ఉంటే పొయ్యి ఆపేవాడు. డోయిల్ ఇంటికి రాలేదు.

నెడ్రా గుడ్డ కూడా పట్టుకోకుండా గిన్నె చెవులు పట్టి ఎత్తింది. అరచేతులు చుర్రుమన్నాయి. దించడానికి బల్ల వైపు తిరిగితే బల్లంతా ఆపిల్ తొక్కలు, సీసాలు, మధ్యలో ఆ పాడు ఎరల పెట్టె. మోచేత్తో పెట్టెని తోసి, గిన్నె కిందపడేసినట్టే దించింది. తోసిన ఊపుకి పెట్టె సగం చుట్టు తిరిగి ఆమెకి ఎదురుగా నిలబడింది.

తెల్లవన్నీ ఉన్నాయి.

తెల్ల రేకులు, వెండిరంగు చిన్న చేపలు, పాలరంగు రబ్బరు తోకలు, వరసగా, మధ్యాహ్నం ఎలా ఉన్నాయో అలా. ఖాళీ అరలు కింది వరసలో ఉన్నాయి. నల్ల జిగ్గులు ఉండేచోట మూడు ఖాళీ. నల్ల రబ్బరు పురుగు అర ఖాళీ. కప్ప లేదు. ఆమె వేలితో లెక్కపెట్టింది. ఐదు.

ఐదూ బురద నీళ్ళవి. బురద నీళ్ళు స్టాంపర్ కుంటవి, గొడ్లు తొక్కి తొక్కి పాలుపోసిన కాఫీలా ఉంటుంది అది. కెస్లర్ కుంటకి పోయేవాడైతే తెల్లవి కావాలి. అక్కడ గుంపులు కట్టి తిరిగే చిట్టిచేపలు తెలుపు, బాస్ చేప వాటిని తప్ప ఇంకోదాన్ని చూడదు. నల్ల జిగ్గు పట్టుకుని కెస్లర్ ఒడ్డున నిలబడటం కన్నా చర్చికి చెప్పుల్లేకుండా పోవడం నయమంటాడు డోయిల్. తెల్లవాటి కోసం ఇంటికొచ్చేవాడు. రాలేదు. అంటే స్టాంపర్ కుంట దగ్గర్నుంచి కదల్లేదు.

ఆ వెనకే నెడ్రాకి రెండో సంగతి తట్టింది. స్టాంపర్ కుంట ఎంత లోతు? ఎండాకాలంలో గొడ్లు నడిమధ్య నిలబడి తోకలాడిస్తూ ఉంటాయి. నడుం లోతు కుంటకి పైనీళ్ళేంటి, అడుగునీళ్ళేంటి? డోయిలే అనేవాడు, “స్టాంపర్ కుంట సాధు గొడ్డులాంటిది, జన్మకి తిరగబడదు” అని. వందసార్లు అన్నాడు. తను వందసార్లూ ఊఁ కొట్టింది.

కుంట తిరగబడలేదు. బండి తిరగబడింది.

మూడు గంటలకి ముందే చెప్పాడు. ఇప్పుడు ఐదు దాటింది.

అత్యవసర సేవలకి ఫోను చేస్తే అటువైపు అమ్మాయి నెమ్మదిగా అడిగింది, నెడ్రా అరవకుండా చెప్పింది. అంబులెన్సు రావడానికి ముప్పై ఐదు నిమిషాలు పడుతుందంది ఆ అమ్మాయి, ఫోను పెట్టొద్దంది. నెడ్రా దాన్ని సీటు మీద పడేసి బండి తీసింది. గుట్ట దిగేసరికి ఎలాగూ అది తెగిపోయింది.

ఈసారి గేటు దగ్గర ఆగింది. గొలుసు తీసి, గేటు మళ్ళీ వెయ్యకుండానే గొడ్ల మధ్యనుంచి పోనిచ్చింది. గుట్ట దాటగానే కుంట కట్ట కనిపించింది. కట్ట మొదట్లోనే అంచు విరిగి పడి ఉంది. నీటి ఎలుకలు లోపల్లోపల తొలిచేశాయి, పైనుంచి చూస్తే గట్టిగానే ఉంటుంది. ఆ విరిగిన చోట, లోపలి వాలున, నాలుగు లావు చక్రాలు ఆకాశం వైపు తిరిగి ఉన్నాయి.

చక్రాలే కనిపించాయి. మనిషి కనిపించలేదు. పికప్ దిగి కట్ట మీదికి నడిచిన ఆ ఇరవై అడుగులూ నెడ్రా ఊపిరి తీసుకోలేదు.

డోయిల్ బండి కింద ఉన్నాడు. నడుం దాకా నీళ్ళు, వీపు కట్ట బురదకి ఆని ఉంది, రెండు చేతులూ గడ్డి వేళ్ళు పట్టుకుని ఉన్నాయి. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

“వచ్చావా,” అన్నాడు. నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది.

అతను వణకడం లేదు. ఆమెని భయపెట్టింది అదే. మంచులో పుట్టిన దూడల్ని ఎన్నిటినో చూసింది నెడ్రా. వణుకుతున్నంతసేపు దూడ బతుకుతుంది. వణుకు ఆగిందంటే పోతున్నట్టు లెక్క.

“కాళ్ళు కిందున్నాయి,” అన్నాడు డోయిల్. “ఒకటా రెండా తెలీట్లేదు.”

నెడ్రా నీళ్ళలోకి దిగి భుజం పెట్టి బండిని నెట్టింది. అది బురదలో జానెడు జారింది, కానీ కిందివైపు జారింది, అతన్నీ ఈడ్చుకుని జారింది. నీళ్ళు అతని చంకల దాకా వచ్చాయి. ఆమె ఉన్నచోటే బిగుసుకుపోయింది. తన తొందరే అతన్ని చంపబోయింది.

“నెట్టకు,” అన్నాడు. “గొలుసుందా పికప్‌లో?”

ఉంది. ఆమె గొలుసు ఒక కొస బండి పైవైపు ఇనప కడ్డీకి తగిలించింది, రెండో కొస పికప్ వెనక కొక్కేనికి. కట్ట గుట్టని ఆనుకున్న చోట నేల గట్టిగా ఉంది, పికప్‌ని అక్కడ నిలబెట్టింది. కొక్కెం రెండుసార్లు జారింది.

“నెడ్రా.”

“ఆఁ.”

“కుదిపితే నా మీదే పడుతుంది. గొలుసు వదులైతే నీళ్ళలోకి నెట్టేస్తుంది. మెల్లిగా. అక్టోబరు చేప అనుకో.”

“నోర్ముయ్ డోయిల్.”

“నేను పలుకుతూ ఉంటా. వినపడుతుంటే లాగుతూ ఉండు.”

స్టీరింగు ముందు కూర్చున్నాక ఆమెకి అతను కనపడడు. అద్దంలో కాస్త ఆకాశం, బిగిసిన గొలుసు, అంతే. కిటికీ దించింది. బ్రేకు మీద కాలు పెట్టి, దాన్ని వెంట్రుకవాసి వదిలింది. పికప్ కదిలిందో లేదో తెలియనంతగా కదిలింది. గొలుసు కిర్రుమంది.

“ఆఁ,” వినపడింది వెనకనుంచి.

ఆ చిల్లుల సైలెన్సరు చప్పుడులో ఆ గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. ఇంకో వెంట్రుకవాసి.

“ఆఁ.”

ఆమె కాలి పిక్క పట్టేసింది. ఇంకొంచెం.

“ఆఁ...”

తర్వాత ఏమీ వినపడలేదు.

నెడ్రా చెవులు రిక్కించింది. సైలెన్సరు, గాలి, దూరంగా ఒక ఆవు. అరవై ఒక్క ఏళ్ళుగా ఆమెని పరుగెత్తించిన గుణం ఇప్పుడు తలుపు తీసి దూకమంది. దూకాలంటే పికప్ ఆపాలి, ఆపితే గొలుసు వదులవుతుంది, అంత బరువూ మళ్ళీ అతని మీదికే. లేదా ఒక్క తొక్కు తొక్కి లాగెయ్యమంది. లాగితే కుదుపు. రెండూ కాకుండా, అతని గొంతు లేకుండా, అలాగే మెల్లిగా పోవాలి. మునిగిపోయాడేమో, తను లాగుతున్నది శవం మీదినుంచేమో అని తెలుస్తూనే పోవాలి. ఇంత భయం నెడ్రా తన జన్మలో ఎరగదు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, కాలు మాత్రం వెంట్రుకవాసి దాటలేదు.

వెనక బురద చప్పున వదిలిన శబ్దం వచ్చింది. ఆ వెనకే దబ్బుమని నేల అదిరింది. బండి నాలుగు చక్రాల మీదికి, ఈసారి సరైన వైపుకి, తిరగబడింది.

ఆమె పరుగెత్తేసరికి డోయిల్ బరువు తీసేసిన ఊపుకి కిందికి జారిపోయి ఉన్నాడు. నీళ్ళు గడ్డం దాటి నోటికి అందాయి. నెడ్రా కాలరు రెండు చేతులా పట్టి, కాలిన అరచేతుల సంగతే తెలియకుండా, కట్ట మీదికి ఈడ్చింది. అతను దగ్గాడు. నీళ్ళు కక్కాడు. కాసేపటికి పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది. వణుకు. నెడ్రా కోటు కప్పి, దాని మీద తను పడుకుని, అంబులెన్సు కూత వినపడేదాకా అతన్ని అలాగే కరిచి పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో డోయిల్ కాలు కట్టుతో పైకి వేలాడుతోంది. ముంగాలి ఎముక విరిగింది, రెండు కాలివేళ్ళకి స్పర్శ వస్తుందో రాదో చెప్పలేమన్నారు. గుండె మాత్రం తట్టుకుంది. నెడ్రా పక్కన నిలబడి దుప్పటి సర్దుతోంది. రెండు అరచేతులకీ గుడ్డ చుట్టి ఉంది.

“నీ బండి పోవడం విన్నాను,” అన్నాడు డోయిల్ పైకప్పు చూస్తూ. “కెస్లర్ వైపు. ఆ సైలెన్సరు ఇంకోటి లేదు కదా ఈ చుట్టుపక్కల.”

నెడ్రా చేతులు ఆగిపోయాయి.

“మళ్ళీ వెనక్కి పోవడం కూడా విన్నాను.”

“భయమేసిందా?”

“మొదటిసారి వేసింది. చాలా వేసింది. రెండోసారి వెయ్యలేదు.”

“ఏం?”

“ఇంటికెళ్ళి పెట్టె చూస్తావు కదా. తెల్లవన్నీ అక్కడే ఉంటాయి. ఇంకేముంది, వస్తావని గడ్డి పట్టుకుని కూర్చున్నా. ముప్పై ఏడేళ్ళు నీ చెవిలో పోసింది ఊరికే పోతుందా పిల్లా?” అన్నాడు. ఆమె చేతుల కట్లు చూసి, “ఆ చేతులకేమైంది?” అన్నాడు.

“గొలుసు కోసుకుంది,” అంది నెడ్రా. “పెట్టె చూడ్డానికే వెళ్ళాను, ఇంకెందుకు?”

డోయిల్ తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. నెడ్రా వంటింటి బల్లని తలుచుకుంది. తొక్కలు, సీసాలు, వేడి గిన్నె. ఆ గిన్నె దించడానికి ఇంకోచోట ఓ జానెడు ఖాళీ ఉండి ఉంటే, ఆ పెట్టె తన కంటపడేదే కాదు అనుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.